ఒక్క సీటు గిరక

ఎల్లాజీ పోయాడని కబురొచ్చినప్పుడు నేను బీరకాయ చెక్కు తీస్తున్నాను. తియ్యడం ఆపలేదు. నా వయసుకి చావు కబుర్లు పాల ప్యాకెట్ల మాదిరి రోజూ గుమ్మంలోకి వస్తూనే ఉంటాయి. కానీ ఎల్లాజీ మా అన్నకి ప్రాణస్నేహితుడు. ఈ భూమ్మీద నేను కాక మా అన్నని తలుచుకునే మనిషి వాడొక్కడే మిగిలాడు. అందుకని పెదకర్మ రోజున మంచి చీర కట్టుకుని జాలరిపేట వెళ్ళాను. ఆ సందుల్లో ఇప్పుడు శ్లాబు ఇళ్ళు లేచాయి, ఇంటికో మోటారు సైకిలు ఉంది. ఎండు నెత్తళ్ళ వాసన మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ వాసన తగిలేసరికి నాకు పరికిణీ కట్టుకున్న వయసు గుర్తొచ్చి, గుర్తొచ్చినందుకు నా మీద నాకే చిరాకేసింది.

కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళితే అక్కడ గోడకి ఆనించి, మనిషికన్నా పొడవైన రేకు పట్టీ ఒకటి నిలబెట్టి ఉంది. నిలువునా పసుపు పూశారు, వరసగా కుంకుమ బొట్లు పెట్టారు, బంతిపూల దండ వేశారు. కింద కర్పూరం వెలిగించిన నల్లటి మరక. జాలరివాళ్ళ దేవతల్లో ఎవరో అనుకున్నాను. తీరా దగ్గరికెళ్ళి చూస్తే ఒక చివర జానెడు మేర పసుపు కింద ఎర్ర రంగు కనిపించింది. ఆ రంగు వేస్తున్నప్పుడు డబ్బా పట్టుకుని పక్కన నిలబడింది నేనే.

"ఇదేంటి నూకాలూ?" అన్నాను. నూకాలు ఎల్లాజీ భార్య.

"ఓలమ్మా, గుర్తుపట్నేదేటి? మీ అన్నే కదా," అంది నూకాలు ముక్కు చీదుకుంటూ. "మా ఆయన యేటకెల్లే ముందు దీనికి దండం ఎట్టుకోకుండా ఎప్పుడూ ఎల్నేదు. ఇప్పుడు మా మనవడు ఎట్టుకుంతన్నాడు. కొండమావే మమ్మల్ని సల్లగా సూత్తన్నాడు."

కొండమావ అంటే మా అన్న. పేరు అప్పలకొండ. బతికుండగా తన ప్రాణం తాను కాపాడుకోలేకపోయినవాడు, పోయాక ఒక పేటనంతా కాపాడుతున్నాడట. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఈ మంట నాకు పాతదే. ఇన్నేళ్ళుగా కడుపులో కుంపటి పెట్టుకుని బతుకుతున్నాను.

అప్పట్లో మేము మల్కాపురంలో ఉండేవాళ్ళం. మా మూలం పైన పల్లెల్లో. అయ్యకి పోర్టులో పని దొరికాక ఇక్కడికొచ్చి పడ్డాం. ఒకవైపు రిఫైనరీ వాసన, ఒకవైపు ఇనప ఖనిజం దుమ్ము. అమ్మ అయ్య బట్టలు ఉతికితే నీళ్ళు ఎర్రగా పారేవి, ఎంత ఉతికినా ఎర్రగానే పారేవి. "ఈ మనిసి ఒంట్లో నెత్తురున్నాదో, ఈ దుమ్మే ఉన్నాదో," అని విసుక్కునేది. పొద్దున్నే చోడి అంబలి, అంటే రాగి జావే, అందులోకి ఉల్లిపాయా, నిప్పుల మీద కాల్చిన ఎండుచేపా. మా నానమ్మ గోడవారన చతికిలబడి అడ్డచుట్ట కాల్చేది. నిప్పు ఉన్న కొస నోట్లోపల పెట్టుకుని, పెదవులు బిగించి, అదే నోటితో ఊళ్ళోవాళ్ళందరి కూపీలూ లాగేది. ఆ నిప్పు నాలుక మీద పడదా అని నేనడిగితే, "మా అమ్మ పక్కన కూకుని కాల్పించింది, కాలితే సెంప మీద కొట్టింది, అలగ నేర్సుకున్నాను," అనేది. ఆ ముసలిదానికి చుట్ట కాల్చడానికి కూడా గురువుంది.

అయ్య పోర్టులో క్రేను డ్రైవరు. ఇంటికొచ్చి కిరసనాయిలు గుడ్డతో మోచేతుల దాకా గ్రీజు తుడుచుకుని, సబ్బుతో కడుక్కుని, ఆ చేతులు ఒకసారి వాసన చూసుకుని గానీ కంచం ముందు కూర్చునేవాడు కాదు. తక్కువ మాటల మనిషి. మాట్లాడితే క్రేను గురించే. ఆ పనిలో వాళ్ళకో పద్ధతి ఉండేది, దాన్ని 'ఎనక నిలబడ్డం' అనేవారు. పైన క్రేను గదిలో డ్రైవరు కుర్చీ వెనక మనిషి నిలబడేంత జాగా ఉంటుంది. కొత్తగా వచ్చినవాడు అక్కడ నిలబడాలి. వానల్లో, ఎండల్లో, నోరెత్తకుండా పెద్దాయన చేతులు చూస్తూ నిలబడాలి. ఆయనకి టీ తేవాలి. ఎప్పుడో ఒకరోజు పెద్దాయన లేచి, "కూకో" అంటాడు. కొత్తవాడు కుర్చీలో కూర్చుంటాడు. అప్పుడు పెద్దాయన వచ్చి వాడి వెనక నిలబడతాడు. వాడి చెయ్యి తప్పుదారి పడితే నెత్తిమీద ఒక్కటి మొట్టి, పైనుంచి తన చెయ్యి వేసి సరిచేస్తాడు. అలా ఇంకో రెండు వానాకాలాలు. అప్పటికి గాని వాడు డ్రైవరు కాడు. ఒకసారి ఎవరో పై ఆఫీసరు మేనల్లుడు ఇంజనీరింగు చదివానని చెప్పి లీవరు మీద చెయ్యేస్తే, అయ్య ఆ చేతి మీద చరిచాడట. దానికి మెమో కూడా ఇచ్చారు. మెమో జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి ఎప్పటిలాగే చేతులు వాసన చూసుకుని అన్నం తిన్నాడు. ఆ అయ్యే మా అన్న విషయంలో ఏం చేశాడో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా అన్న రిఫైనరీ గోడ పక్కనున్న ఒక చిన్న వర్కుషాపులో ఫిట్టరు. చేతిలో పని ఉన్నవాడు, దాని పొగరూ ఉన్నవాడు. నవ్వితే చాలు, ఎవరినైనా బుట్టలో వేసేవాడు. సెలవు దొరికితే జాలరిపేటలో తేలేవాడు. అక్కడ ఎల్లాజీతో తెప్ప మీద సముద్రంలోకి వెళ్ళేవాడు. తెప్ప అంటే నాలుగు దుంగలు తాళ్ళతో కట్టిందే. ఒడ్డున విరిగే అలల్ని దాటడమే దాంట్లో గండం. అల ఎదురొచ్చినప్పుడు తెప్ప ముక్కు పైకి లేస్తుంది. లేచిన క్షణంలో మనిషి తన బరువంతా ముందుకి వెయ్యాలి, లేకపోతే తెప్ప వెనక్కి తిరగబడి మనిషి మీదే పడుతుంది. "ముక్కు లెగిస్తే ముందుకి పడు బావా!" అని ఎల్లాజీ అరుస్తూ ఉండేవాడు, మా అన్న పడుతూ ఉండేవాడు. ఎన్ని ఆదివారాలు చూశానో ఆ ఆట. చివరికి ఎల్లాజీ అరవనవసరం లేకుండానే మా అన్న ఒళ్ళు దానంతటదే ముందుకి పడటం నేర్చుకుంది. సముద్రం నేర్పిన చదువు అది. సముద్రానికి సరిపోయే చదువు.

ఇంక ఆ బండి సంగతి. పోర్టులో ఎవరూ విడిపించుకోని సరుకుని వేలం వేసేవారు. వన్ టౌన్‌లో సబ్బులూ నూనెలూ టోకుగా అమ్మే షావుకారొకాయన అలాంటి వేలంలో ఒక పెద్ద చెక్కపెట్టె కొన్నాడు. లోపల ఇంజను ఉందని తెలిసి, నీళ్ళు తోడే మోటారు అనుకున్నాడు. విప్పి చూడమని మా అన్నని పిలిపించారు. విప్పితే ఇంజనూ, గొట్టాల చట్రమూ, మూడు చక్రాలూ, ఒకే ఒక్క సీటూ, రెండు జతల పొడవాటి రెక్కలూ బయటపడ్డాయి. అందరూ హెలికాప్టరు అన్నారు. మా అన్న నెలల తరబడి దాని చుట్టూ తిరిగి, అది హెలికాప్టరు కాదని కనిపెట్టాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి తాటాకుతో గిరక చేసి నా చేతికిచ్చి పరిగెత్తమన్నాడు. పరిగెత్తాను. గిరక తిరిగింది. ఆగాను. అదీ ఆగింది.

"సూసినావా సెల్లీ? దీన్ని ఎవుడూ తిప్పనేదు. నువ్వు పరిగెట్టినావు, గాలి తిప్పింది. ఆ బండీ అంతే. ఇంజను ఎనకనుంచి తోత్తాది, పైన రెక్కకి ఇంజను నేదు, గాలే తిప్పాల. గాలి తిప్పినంతసేపే అది పైన ఉంటాది," అన్నాడు, కొత్త బట్టలు కుట్టించుకున్నవాడిలా మెరిసిపోతూ.

ఎంత బాగా తెలిసిందో చూడండి మా అన్నకి. బండి ఎలా ఎగురుతుందో ఆడపిల్లకి తాటాకుతో చెప్పగలిగినంత బాగా తెలిసింది. దాన్ని నడపడం వేరే విద్య అని మాత్రం ఎవరికీ తోచలేదు. ఊరంతా దానికి షావుకారి గిరక అని పేరు పెట్టింది. ఆకాశంలోంచి బీచి మీద తన సబ్బుల ప్రకటన చీటీలు చల్లించాలని షావుకారికి బుద్ధి పుట్టింది. అందుకోసం మద్రాసు వైపునుంచి ఒక కెప్టెన్‌గారిని రప్పించాడు. పెద్ద పెద్ద విమానాలు నడిపి రిటైరైన మనిషి. నల్ల కళ్ళద్దాలు, ఇస్త్రీ మడతలు, పక్కన ఉన్నవాడు పురుగైనట్టు చూసే చూపు. మా అమ్మ ఆయనకోసం చేపల పులుసు కేరేజీలో పెట్టి పంపేది. ఇలాంటి బండి ఇదివరకు నడిపారా అండీ అని మా అన్న ఒకసారి అడిగాడట. "ఏనుగునెక్కినవాడికి గాడిదొక లెక్కా," అన్నాడట ఆయన. అందరూ నవ్వారు. మా అన్నా నవ్వాడు. 'నాకు తెలీదు' అన్న మాట ఆ ఊళ్ళో మగవాడి నోట నేను వినలేదు. ఆ మాట అంటే మీసం రాలిపోతుందనుకునేవారు.

స్టీల్ ప్లాంటు కోసం ఊళ్ళు ఖాళీ చేయించిన ఆ వైపున చదునైన పొడవాటి మట్టిరోడ్డు ఉండేది, ఇంకా బళ్ళు తిరగడం మొదలవలేదు. అక్కడ ఎగరేశారు. కెప్టెన్‌గారు గాలి లేని పొద్దుటిపూట కొన్నాళ్ళు బాగానే తిప్పాడు. ఒకరోజు సముద్రం వైపునుంచి గాలి రేగింది. బండి ముక్కు లేచింది, ఆయన దించాడు, మళ్ళీ లేచింది, ఇంకా గట్టిగా దించాడు. పై రెక్క వచ్చి వెనక తోకని నరికేసింది. బాగా కిందనే ఉన్నాడు గనక ప్రాణం దక్కింది, నడుం విరిగింది. ఆయన్ని మంచం మీదే రైలెక్కించారు. ఏమైందండీ అని అడిగితే, "గాలి మోసం చేసింది," అని అటు తిరిగి పడుకున్నాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. ఇది నాకు రాని బండి, వచ్చనుకుని ఎక్కాను, అని ఆ రైలు కదిలేలోగా చెప్పి ఉంటే మా అన్న ముసలివాడై ఈపాటికి నాతో పోట్లాడుతూ ఉండేవాడు.

ఊరు ఊరుకుంటుందా? కారణాలు వెతికింది. కొబ్బరికాయ కొట్టకుండా ఎక్కాడన్నారు. వర్జ్యంలో ఎక్కాడన్నారు. దిక్కులేని సరుకు, ఏ దెయ్యం పట్టిందోనన్నారు. షావుకారు శాంతి చేయించి, చట్రానికి నిమ్మకాయలు గుచ్చిన దండ కట్టించి, బూడిద గుమ్మడికాయ పగలగొట్టించాడు. మా అన్న చట్రం సాపు చేసి, కొత్త తోక చేసి, రెండో జత రెక్కలు బిగించాడు. చివర్లకి ఎర్ర రంగు వేశాడు. అన్నీ అయ్యాక షావుకారు వాడి భుజం మీద చెయ్యేసి, "విప్పింది నువ్వే, బిగించింది నువ్వే. నీకు తెలీంది దాంట్లో ఏముందిరా? ఎక్కు," అన్నాడు. ఉయ్యాల చేసిన వడ్రంగికి బిడ్డని కనడం వస్తుందన్నట్టుంది కదా ఆ మాట. కానీ అప్పుడు అందరికీ అది బంగారం లాంటి మాటగానే వినిపించింది. కుళాయి దగ్గర మా అమ్మ బిందె నిండినా పక్కకి తియ్యకుండా ఆ మాటే చెప్పింది.

ఇంట్లో అడగవలసినవాడు అయ్య ఒక్కడే. అడిగాడు కూడా. ఆ రోజు అంబలి తాగుతూ ముంత దించి, "ఎనక నిలబడ్డావేట్రా?" అన్నాడు.

"నిలబడ్డాను అయ్యా. కెప్టెనుగారు ఎగిరినన్నాళ్ళూ ఎనకే నిలబడి సూసినాను," అన్నాడు అన్న.

అయ్య తలాడించి ముంత ఎత్తుకున్నాడు. అంతే. ఎన్ని వేలసార్లు మనసులో తిప్పుకుని ఉంటానో ఆ రెండు మాటల్నీ. మా అన్న అబద్ధం చెప్పలేదు. వెనకే నిలబడ్డాడు, కానీ నేల మీద, దుమ్ములో. కెప్టెన్‌గారి చేతులు కనపడే చోటు కాదు అది. ఆ బండికి ఉన్నది ఒక్క సీటు. దానికి వెనక జాగా లేదు. పోనీ మొదటి సగం అయిందనే అనుకుందాం, రెండో సగం మాటేమిటి? పెద్దాయన లేచి కొత్తవాడి వెనక నిలబడే సగం? లీవరు మీద చెయ్యేసినవాడి చెయ్యి చరిచి మెమో తెచ్చుకున్న మనిషి, తన కొడుకు వెనక ఎవరు నిలబడతారని అడగలేదు. ఊరు పొగుడుతుంటే కన్నవాడి చెవులు మూసుకుపోతాయి కాబోలు. నానమ్మ ఒక్కతే నోట్లోంచి చుట్ట తీసి, "అది దూడ కాదురా నాయనా, ముకుతాడు పట్టుకుని మలపడానికి," అంది. ముసలిదాని చాదస్తమని నవ్వుకున్నాం.

అన్న ముందు బండిని రోడ్డు మీద ఉరికించి మోకాలెత్తు లేచాడు, తర్వాత ఇంటి ఎత్తు లేచాడు. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే కొంప ముంచింది. రోజూ గాలి ఆగిన వేళ చూసి ఎగిరి, తనకి వచ్చేసిందనుకున్నాడు. "పుటకతో వచ్చిన ఇద్దె బావా నీది," అన్నాడు ఎల్లాజీ. ఆ మాట పేటంతా పాకింది. పుట్టుకతో వచ్చిన విద్య! ఈ దేశంలో మనుషుల్ని ఇంత సులువుగా చంపే మాట ఇంకోటి ఉందని నేననుకోను. నేర్పాల్సినవాడి బాధ్యత తీరిపోతుంది, నేర్చుకోవాల్సినవాడి భయం తీరిపోతుంది.

షావుకారు చీటీలు అచ్చయ్యాక, అందరూ చూడాలని ఎగరడం సాయంత్రం పూట పెట్టించాడు. సాయంత్రం అంటే మా ఊళ్ళో సముద్రపు గాలి వీచే వేళ. మేమంతా ఆ మట్టిరోడ్డు దగ్గరికి వెళ్ళాం. అమ్మ పులిహోర కేరేజీ తెచ్చింది, దిగాక వాడికి మొదటి ముద్ద తన చేత్తో పెట్టాలని. నానమ్మని రిక్షాలో తెచ్చాం. వేరుశెనక్కాయలవాళ్ళు కూడా వచ్చారు. అన్న కొత్త చొక్కా వేసుకుని, అయ్య కాళ్ళకి దండం పెట్టి, నా జడ ఒకసారి లాగి ఎక్కాడు. లేచాడు. ఒక చుట్టు తిరిగాడు. జనం ఈలలు. నా జన్మలో అంత గర్వం నాకు ముందూ లేదు, తర్వాతా లేదు. తిరిగి మావైపు వస్తున్నప్పుడు గాలి ఎదురు కొట్టింది. బండి ముక్కు పైకి లేచింది, అచ్చం అల మీద తెప్ప లేచినట్టు. నా పక్కనున్న ఎల్లాజీ రెండు చేతులూ ఎత్తి, గొంతు చించుకుని, "ముందుకి! ముందుకి పడు బావా!" అని అరిచాడు.

అంత ఇంజను మోతలో అన్నకి వినపడి ఉండదు. వినపడనక్కరలేదు కూడా. వాడి ఒళ్ళు ముందుకి పడింది, చేతిలో ఉన్న, బండిని నడిపే కర్ర ముందుకి పోయింది. ముక్కు ఒక్కసారిగా కిందికి వాలింది. అప్పటిదాకా పైన రెక్క చేస్తున్న చప్పుడు ఆగిపోయింది. ఇంజను మాత్రం ఇంకా మోగుతూనే ఉంది. నా చేతిలో తాటాకు గిరక ఆగినట్టే ఆగింది అది. తర్వాత రెక్క తోకని కొట్టిన చప్పుడు. తర్వాతది రాయను. మా అమ్మ అప్పటికే కేరేజీ మూత తీసి పట్టుకుని ఉంది. ఆ మూత ఆవిడ చేతిలోంచి తియ్యడానికి ఆ రోజు ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది.

మళ్ళీ కారణాలు. ఈసారి దిష్టి. అంతమంది కళ్ళు పడ్డాయి, నాపరాయి పగలదా, వీడెంత, అన్నారు. నల్ల దారం కట్టుకోలేదన్నారు. ఆ నేల మీద ఇళ్ళు పోయినవాళ్ళ ఉసురన్నారు. గీత అంతే రాసుందన్నారు. వచ్చినవాళ్ళల్లా ఒక కారణం చెప్పి, కాఫీ తాగి వెళ్ళారు. షావుకారు అరటిపళ్ళ గెలతో వచ్చి, తనకి ఆ బండి అచ్చిరాలేదని తన కష్టం చెప్పుకుని ఏడ్చాడు. మా అన్నకి ఎవడు నేర్పాడని మాత్రం ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. అన్న కర్మలు అయ్యాక అయ్య మళ్ళీ క్రేనెక్కాడు. కానీ ఆ తర్వాత తన వెనక ఎవరినీ నిలబడనివ్వలేదు. కొత్తవాళ్ళొస్తే కిందికి పంపేసేవాడు. ముసలాడికి కడుపుమంట, పని దాచుకుంటున్నాడని పోర్టులో చెప్పుకున్నారు. దాచుకోవడం కాదది. ఆ పద్ధతి మీదే నమ్మకం పోయింది మనిషికి. శిష్యుడంటూ లేకుండానే రిటైరై, అట్టే కాలం బతకలేదు.

చాలా ఏళ్ళకి, నేను టీచరునై పెళ్ళీ పిల్లలూ అయిన తర్వాత, రైల్లో ఒక పెద్దాయన ఎదురు సీట్లో కూర్చున్నాడు. విమానాలు నడపడం నేర్పే పని చేసి రిటైరయ్యాడట. మాటల్లో మాటగా మా అన్న సంగతి చెప్పాను. ఆయన అయ్యో అనలేదు. "ఎవరి దగ్గర నేర్చుకున్నాడమ్మా?" అన్నాడు. ఇన్నేళ్ళకి ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి. నేను కిటికీ వైపు తిరిగి చాలాసేపు ఏడ్చాను. తర్వాత ఆయనే నెమ్మదిగా చెప్పాడు. ఆ బండిలో ముక్కు లేచినప్పుడు కర్రని గబుక్కున ముందుకి తోస్తే, కిందనుంచి రెక్కలోకి వచ్చే గాలి తప్పిపోతుంది, రెక్క నెమ్మదించి ఒదులై తన తోకని తానే నరుక్కుంటుంది. విమానం అలవాటైన చెయ్యి అలాగే తోస్తుంది, అందుకే విమానం వచ్చినవాడు కూడా దీన్ని మొదటినుంచీ, పక్కన తెలిసినవాణ్ణి కూర్చోబెట్టుకుని మళ్ళీ నేర్చుకోవాలి. "మరి ముక్కు లేస్తే ఏం చెయ్యాలండీ?" అన్నాను. "అది రైల్లో చెప్పేది కాదమ్మా. నోటికి కాదు, చేతికి నేర్పాలి," అన్నాడాయన.

ఎల్లాజీ ఏటా మా అన్న పోయిన రోజుకి మా ఇంటికి వంజరం చేప తెచ్చేవాడు. గుమ్మంలో కూర్చుని, "నాను అరిసినానమ్మా. ముందుకి పడమని అరిసినాను. నా మాట ఇనిపించుంటే బతికీసీవోడు," అని ఏడ్చేవాడు. ప్రతి ఏడాదీ అదే మాట. ఆ అరుపే మా అన్న ఒంట్లోంచి పలికి వాణ్ణి చంపిందని నాకు తెలుసు. ఆ మాట ఎల్లాజీకి ఎలా చెప్పను? చేప తీసుకుని, కాఫీ ఇచ్చి పంపేదాన్ని.

ఇదుగో, ఇప్పుడు వాడి పెరట్లో నిలబడ్డాను. నూకాలు మనవణ్ణి పిలిచింది. పేరు కొండబాబు, మా అన్న పేరే పెట్టారు. పొడుగ్గా, ఏదో బొమ్మ ఉన్న టీషర్టు వేసుకుని, నవ్వితే బుట్టలో పడేలా ఉన్నాడు. చూడగానే నాకు భయమేసింది. బీచి అవతల ఎవరో ఆసామి సరదా షికార్లకి గాలి బళ్ళు పెట్టాడట, వీడు అక్కడ మెకానిక్కు. కొత్తగా రెండు సీట్ల గిరక తెచ్చారట.

"వచ్చే నెల్నించీ నన్నే తిప్పమన్నాడు మామ్మా మా సారు. నువ్వు కొండతాత సెల్లెలివి కదా, మా తాత ఆనాడు ఏరి తెచ్చుకున్న ఈ రెక్కకి నీ సేత్తో బొట్టెట్టీ. మంచి జరుగుతాది," అన్నాడు.

"నీకెవరు నేర్పార్రా?" అన్నాను.

"ఎవులు నేర్పాల? విప్పి బిగించీది నానే కదా. ఎగిరీటప్పుడు ఎనక నిలబడి సూత్తన్నాను. ఫోన్లో ఈడియోలు సూత్తన్నాను. అసలు కిటుకు మా తాత సెప్పీసినాడు, ముక్కు లెగిస్తే ముందుకి తోసీయాలని."

"రెండు సీట్లున్నాయి కదా. నేర్పేవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవచ్చు కదా."

"అది టిక్కెట్టు సీటు మామ్మా," అన్నాడు నవ్వుతూ.

ఆ రోజుల్లో ఒక్క సీటు, నేర్పేవాడికి జాగా లేదు. ఈ రోజుల్లో జాగా వచ్చింది, దాన్ని అమ్ముకుంటున్నారు. నా మనవలకి ఈత నేర్పడానికి మాస్టారు, చదరంగం నేర్పడానికి మాస్టారు, ఊపిరి పీల్చడం నేర్పడానిక్కూడా డబ్బు పుచ్చుకునే మాస్టారు. ఇక్కడ మాత్రం పసుపు పూసిన రేకు. నూకాలు కుంకుమ భరిణె నా చేతిలో పెట్టింది. నేను దాన్ని గట్టు మీద పెట్టి, చెంగు తడిపి, ఆ రెక్క మీద బొట్లన్నీ తుడిచేశాను. పసుపు కూడా తుడిచాను. కింద ఎర్ర రంగు బయటపడింది.

"మీ కొండతాతకి ఎగరడం రాదురా," అన్నాను. "రాదు. ఎవరూ నేర్పలేదు. ముక్కు లేస్తే ముందుకి తోశాడు, అందుకే పోయాడు. ఇంకే కారణమూ లేదు. మీ తాతకి ఆ సంగతి తెలీదు, నేను చెప్పలేదు. నీకు చెప్తున్నాను. నేర్పేవాడు పక్క సీట్లో కూర్చునేదాకా ఎక్కకు."

నూకాలు గుండెలు బాదుకుంది. "ఓలమ్మో, ఇదేటి పాపం! పెదకర్మ నాడు మా ఇలవేలుపుని తుడిసీసింది సూడండర్రా! సొంత సెల్లెలు కాదేటి ఇది!" అంది. ఆడవాళ్ళంతా పోగయ్యారు. కొండబాబు మొహంలో నవ్వు పోయింది. అందరి మధ్యనుంచి, "మరి ముక్కు లెగిస్తే ఏటి సెయ్యాల మామ్మా?" అన్నాడు.

"నాకు తెలీదురా," అన్నాను. "తెలిసినవాణ్ణి అడుగు."

నన్ను ఇంక భోజనానికి ఎవరూ రమ్మనలేదు. ఆటో ఎక్కి, అది సందులో తిరుగుతుంటే వెనక్కి చూశాను. నూకాలు కొత్తగా పసుపు కలుపుకొచ్చి, నేను తుడిచిన చోటే మళ్ళీ పూస్తోంది. కొండబాబు ఆవిడ వెనక నిలబడి చూస్తున్నాడు.